ట్రాక్టరు ట్యూబులో నీరు: లీకు కనిపెట్టడం, మూయడం

12.1 పరిచయం

దుక్కుల కాలంలో పంక్చరు షాపు దగ్గర కాసేపు నిలబడితే, "వెనక చక్రం నీళ్లు కారుతోంది" అనే మాట మీకు వినిపిస్తుంది. కొత్తవారికి ఇది వింతగా తోస్తుంది. చక్రంలో ఉండేది గాలి కదా, నీరెక్కడిది? నిజానికి మన దేశంలో చాలా ట్రాక్టర్ల వెనుక చక్రాల ట్యూబుల్లో ముప్పాతిక వంతు నీరే ఉంటుంది. ఆ నీటిని కావాలనే నింపుతారు. అది కారిపోతే ట్రాక్టరు బలం తగ్గుతుంది. సరిగా తెలియకుండా బాగుచేయబోతే మనిషికే ప్రమాదం.

గత పాఠంలో సైకిలు, మోటారు సైకిలు ట్యూబులకు ప్యాచ్ వేయడం నేర్చుకున్నారు. ఈ పాఠం చదివిన తరువాత మీరు ట్యూబులో నీరు ఎందుకు నింపుతారో వివరించగలుగుతారు. నీరు ఎంత ఉందో పనిముట్లు లేకుండానే తెలుసుకోగలుగుతారు. లీకు ఉన్న చోటు గుర్తించి, ప్రమాదం లేకుండా ట్యూబు బయటికి తీసి బాగుచేయగలుగుతారు.

12.2 నీరు ఎందుకు నింపుతారు?

నాగలి లాగేటప్పుడు ట్రాక్టరును ముందుకు నెట్టేది ఇంజను ఒక్కటే కాదు. ఇంజను చక్రాన్ని తిప్పుతుంది. తిరిగే చక్రం నేలను గట్టిగా పట్టుకుంటేనే బండి కదులుతుంది. ఆ పట్టు చక్రం మీద పడే బరువును బట్టి ఉంటుంది. బరువు చాలకపోతే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. డీజిలు ఖర్చవుతుంది, టైరు మీద ఎత్తుగా ఉండే పట్టీలు అరిగిపోతాయి, దుక్కి మాత్రం సాగదు.

బరువు పెంచడానికి రెండు మార్గాలున్నాయి. చక్రానికి ఇనుప బిళ్లలు బిగించడం ఒకటి. ట్యూబులో నీరు నింపడం రెండవది. ఇనుము కొనాలి, నీటికి ఖర్చు లేదు. లీటరు నీరు కిలో బరువు ఉంటుంది. 13.6-28 అని అచ్చువేసిన టైరు మీరు తరచు చూస్తారు. అందులో ముప్పాతిక వంతు నింపితే సుమారు 180 నుంచి 200 లీటర్లు పడుతుంది. రెండు చక్రాలకు కలిపి దాదాపు నాలుగు క్వింటాళ్ల బరువు వచ్చినట్లే.

కృత్యం: మీకు తెలిసిన ట్రాక్టరు వెనుక టైరు మీద సుద్దతో ఒక గీత గీయండి. నాగలి ఎత్తి ఉంచి చక్రం పది చుట్లు తిరిగే దాకా బండిని నడిపించండి. ఎంత దూరం వెళ్లిందో కొలవండి. తరువాత అదే పొలంలో నాగలి దించి, దున్నుతూ మళ్లీ పది చుట్లు నడిపించి కొలవండి. మొదటిసారి 40 మీటర్లు, రెండవసారి 34 మీటర్లు వచ్చిందనుకుందాం. తేడా 6 మీటర్లు. అంటే నూటికి 15 వంతులు చక్రం జారింది. పొలంలో 10 నుంచి 15 శాతం జారుడు మామూలే. అంతకు బాగా మించితే చక్రం మీద బరువు చాలడం లేదని అర్థం.

ఒక జాగ్రత్త. బరువు ఎప్పుడూ మంచిదే అనుకోకండి. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు బరువైన ట్రాక్టరు బురదలో దిగబడుతుంది. అందుకే చాలామంది దమ్ముకు ముందు నీరు తీసేసి కేజీవీల్స్ తగిలిస్తారు. మెట్ట దుక్కికి, ట్రక్కు లాగడానికి మళ్లీ నింపుతారు. ఇలా ఏటా తీయడం, నింపడం వల్లనే వాల్వు దగ్గర లీకులు ఎక్కువ వస్తాయి.

12.3 ముప్పాతిక వంతే ఎందుకు?

నీటిని ఎంత నొక్కినా దాని పరిమాణం చెప్పుకోదగినంతగా తగ్గదు. గాలిని నొక్కితే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. రాయి మీదికి చక్రం ఎక్కినప్పుడు ఆ దెబ్బను మింగేది గాలే. ట్యూబు నిండా నీరు పోస్తే టైరు బండలాగా తయారవుతుంది. దెబ్బ నేరుగా టైరు గోడకు, ఇరుసుకు తగులుతుంది. అందువల్ల పైన పాతిక వంతు గాలికి వదలాలి.

ఇది కొలవడానికి పాత్ర అక్కరలేదు. చక్రాన్ని జాకీ మీద లేపి, వాల్వు సరిగ్గా పైకి వచ్చేట్లు తిప్పండి. గడియారంలో పన్నెండు అంకె ఉండే చోటన్నమాట. ఆ స్థితిలో వాల్వు మట్టం దాకా నీరు నింపితే దాదాపు ముప్పాతిక వంతు అవుతుంది. అంతకు మించితే నీరు వాల్వులోంచి తిరిగి వస్తుంది. ట్రాక్టరు ట్యూబు వాల్వు మామూలు వాల్వులాంటిది కాదు. లోపలి పిన్నుతోపాటు ఆ పిన్ను కూర్చునే చిన్న గొట్టం కూడా మరలా ఊడివస్తుంది. అప్పుడు పెద్ద రంధ్రం మిగులుతుంది. నీరు పోసేది దానిలోంచే. నీరు లోపలికి పోతున్నప్పుడు లోపలి గాలి బయటికి రావాలి. అందుకని కొంచెం కొంచెంగా పోస్తూ మధ్య మధ్య గాలిని వదలాలి, లేదా గాలిదారి ఉన్న బిరడా వాడాలి.

శుభ్రమైన నీరు వాడండి. బురద నీటిలోని ఒండ్రు పిన్ను దగ్గర చేరి, పిన్ను పూర్తిగా మూసుకోకుండా చేస్తుంది. తీరప్రాంతపు ఉప్పునీరు వాల్వు లోహాన్ని, రిమ్మును తినేస్తుంది. కశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ వంటి మంచు ప్రాంతాలలో నీరు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడు కలుపుతారు. మన వాతావరణానికి ఆ అవసరం లేదు. పైగా అది ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది.

12.4 నీరు పోయినా తెలియదు

ఈ పాఠంలో అన్నిటికంటె శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది. కొంచెం లెక్క ఉంది. కాగితం మీద వేసుకుంటూ చదవండి.

ఒక చుక్క చొప్పున సెకనుకు కారుతోందనుకుందాం. సుమారు 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అంటే నిమిషానికి 3 మిల్లీలీటర్లు, గంటకు 180, రోజుకు నాలుగు లీటర్లకు పైగా. రెండు మూడు రోజుల్లో పది లీటర్లు పోతాయి. నేల మీద చూస్తే చిన్న తడి మరక మాత్రమే. పొలంలో ఉంటే అదీ కనిపించదు.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చూద్దాం. ట్యూబు మొత్తం 260 లీటర్లు పట్టేదనుకోండి. అందులో నీరు 195, గాలి 65 లీటర్లు. గేజీ 12 పౌండ్లు చూపుతోంది. గేజీ చూపేది బయటి గాలి ఒత్తిడి కంటె ఎంత ఎక్కువ ఉన్నదన్న సంగతి మాత్రమే. బయటి గాలి ఒత్తిడి 14.7 పౌండ్లు. రెండూ కలిపితే లోపలి గాలి అసలు ఒత్తిడి 26.7 పౌండ్లు. పది లీటర్ల నీరు పోతే ఆ చోటును గాలి ఆక్రమించుకుంటుంది. 65 లీటర్ల గాలి 75 లీటర్లలోకి విస్తరిస్తుంది. ఒత్తిడి అదే దామాషాలో తగ్గుతుంది: 26.7 ను 65 తో గుణించి 75 తో భాగిస్తే 23.1 వస్తుంది. అందులోంచి 14.7 తీసేస్తే గేజీ చూపేది ఎనిమిదిన్నర పౌండ్లు. టైరు కొంచెం అణుగుతుంది కాబట్టి అసలు అంకె కాస్త అటూ ఇటూ ఉండవచ్చు. విషయం మాత్రం ఇదే: నీరు కొంచెం పోయినా గాలి ఒత్తిడి బాగా పడిపోతుంది.

డ్రైవరు ఏం చేస్తాడు? "గాలి తగ్గింది" అనుకుని షాపుకు తీసుకువెళ్లి గాలి పట్టిస్తాడు. గేజీ మళ్లీ 12 చూపుతుంది. కొత్తగా ఎక్కిన ఒత్తిడి మరో పది లీటర్లను అదే రంధ్రంలోంచి బయటికి నెడుతుంది. మళ్లీ గాలి, మళ్లీ నీరు. ఇలా కొన్ని వారాలు గడిచేసరికి ఒక చక్రంలో నీటి స్థానంలో గాలే మిగులుతుంది. గేజీ మాత్రం ప్రతిసారీ "బాగానే ఉంది" అంటుంది. ఒక వైపు చక్రం రెండు క్వింటాళ్ల బరువుతో, రెండవ వైపు చక్రం తేలికగా ఉన్న ట్రాక్టరు దుక్కిలో ఒక పక్క ఎక్కువగా జారుతుంది. నిండు ట్రక్కు తగిలించి కాలువ గట్టు మీద నడిపేటప్పుడు, ఏటవాలు దారిలో తిరిగేటప్పుడు ఆ తేడా ఎంత చెడ్డదో చెప్పనక్కరలేదు.

కాబట్టి తరచు గాలి తగ్గే చక్రానికి గాలి పట్టించే ముందు నీటి మట్టం చూడండి. వాల్వు పైన ఉండేట్లు బండిని నిలపండి. మూత తీసి పిన్నును పుల్లతో క్షణంసేపు నొక్కండి. గాలితోపాటు నీటి తుంపరలు వస్తే మట్టం సరిగా ఉంది. ఒట్టి గాలే వస్తే బండిని కొంచెం ముందుకు జరిపి, వాల్వు ఒక పక్కకు దిగిన తరువాత మళ్లీ నొక్కండి. గాలి ఆగి నీరు రావడం ఎక్కడ మొదలవుతుందో అదే నీటి మట్టం. వాల్వు ఇరుసు ఎత్తుకు దిగిన తరువాతే నీరు వచ్చిందంటే ట్యూబులో సగమే ఉంది. పిన్ను నొక్కేటప్పుడు ముఖం పక్కకు ఉంచండి, నీరు కంటిలోకి చిమ్ముతుంది.

మామూలు గేజీలోకి నీరు పోతే అది పాడవుతుంది. నీటి టైర్ల కోసం వేరే గేజీ దొరుకుతుంది. అది లేకపోతే వాల్వు పైన ఉన్నప్పుడే ఒత్తిడి చూడాలి. వాల్వు కింద ఉంటే పైనున్న నీటి బరువు కూడా కలిసి ఒత్తిడి ఎక్కువ చూపుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 1
(అ) ట్యూబు నిండా నీరు నింపితే వచ్చే నష్టం ఏమిటి?
(ఆ) వారం వారం గాలి పట్టించవలసి వస్తున్న చక్రంలో మొదట ఏం చూడాలి? ఎందుకు?

12.5 లీకు ఎక్కడ?

సైకిలు ట్యూబయితే గాలి కొట్టి నీళ్లలో ముంచుతాం. ట్రాక్టరు చక్రం విప్పడం పెద్ద పని కాబట్టి ముందు బండి మీద ఉండగానే వెదకాలి.

వాల్వుతో మొదలుపెట్టండి. చాలా లీకులు అక్కడే ఉంటాయి, వాటికి టైరు విప్పే పని లేదు. వాల్వు కొనకు సబ్బు నురుగు రాయండి. కొనలో బుడగ వస్తే పిన్ను వదులైనా ఉండాలి, దాని రబ్బరు అరిగైనా ఉండాలి. బిగించి చూడండి, తగ్గకపోతే పిన్ను మార్చండి. పిన్ను కూర్చునే గొట్టం మొదట్లో బుడగ వస్తే దాని వాషరు పోయింది. లోహపు మూత పెట్టడం మరచిపోవద్దు. దుమ్మును ఆపడమే కాకుండా పిన్ను కొంచెం కారినా అది అడ్డుకుంటుంది.

వాల్వు రిమ్ములోంచి బయటికి వచ్చే రంధ్రం దగ్గర తడి కనిపిస్తే మాత్రం తొందరపడి వాల్వును నిందించకూడదు. ట్యూబు ఎక్కడ చిల్లుపడినా నీరు ట్యూబుకు, టైరుకు మధ్య పాకుతూ వెళ్లి ఏ సందు దొరికితే అక్కడ బయటపడుతుంది. వాల్వు రంధ్రం అలాంటి సందు. టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటు మరొకటి. ఇంటి పైకప్పులో ఒక చోట చిల్లుంటే గోడకు మరో చోట మరక కనిపించడం లాంటిదే ఇది.

చిల్లు ఉన్న భాగాన్ని తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. ట్యూబులో పై పాతిక భాగం గాలి, కింది ముప్పాతిక భాగం నీరు. చిల్లు పైకి వచ్చినప్పుడు అందులోంచి గాలి పోతుంది, కిందికి వచ్చినప్పుడు నీరు పోతుంది. టైరు పక్కన సుద్దతో నాలుగు గీతలు సమాన దూరంలో గీసి 1, 2, 3, 4 అని రాయండి. ఒక్కొక్క అంకెను పైకి తెచ్చి బండిని పావుగంట నిలపండి. ఏ అంకె పైకి వచ్చినప్పుడు కారడం ఆగిందో ఆ అంకె దగ్గరే చిల్లు ఉండవచ్చు. కారడం ఏ స్థితిలోనూ ఆగకపోతే చిల్లు ఒకటి కాదు, రెండైనా ఉన్నాయన్నమాట. టైరు బయటి వైపు ఆ భాగంలో మేకు, తుమ్మ ముల్లు, పత్తి మోడు ముక్క దిగి ఉందేమో చూడండి. కనిపించినా వెంటనే పీకకండి. గుర్తు పెట్టి ఉంచితే ట్యూబులో చిల్లు వెదకడం తేలికవుతుంది.

12.6 నీరు తీయడం, ట్యూబు బయటికి తేవడం

నీరు నిండిన వెనుక చక్రాన్ని అలాగే విప్పి నేల మీద దొర్లించే మెకానిక్కులను మీరు చూసి ఉండవచ్చు. ఆ ధైర్యం నేర్చుకోవలసినది కాదు. టైరు, రిమ్ము, నీరు కలిసి మూడు క్వింటాళ్ల దాకా బరువుండే చక్రం ఒరిగితే ఇద్దరు మనుషులు కూడా ఆపలేరు. లోపలి నీరు అటూ ఇటూ కదలడం వల్ల అది ఎటు ఒరుగుతుందో కూడా ముందుగా తెలియదు. చక్రం విప్పకుండానే, బండికే ఉంచి, బయటి వైపు టైరు అంచు ఒక్కటే రిమ్ము నుంచి దించి ట్యూబు తీయవచ్చు. పంక్చరు పనికి అదే మంచి పద్ధతి.

బండిని గట్టి, చదునైన నేల మీద నిలపండి. వెనుక తగిలించిన పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. లేపని చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టండి. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక్క మొల మీద ఊగుతూ ఉంటుంది. వెనుక ఒక పక్క లేపినప్పుడు బండి మొత్తం రెండవ పక్కకు ఒరిగే అవకాశం ఉంది. అందువల్ల ముందు ఇరుసుకు, బండి చట్రానికి మధ్య రెండు వైపులా చెక్క చీలలు బిగించాలి. ఈ పని చేసేవారు తక్కువ. చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

జాకీతో లేపిన తరువాత వెనుక ఇరుసు గొట్టం కింద గట్టి కట్టె దిమ్మలు పేర్చండి. ఇటుకలు పెట్టవద్దు, అవి ఒక్కసారిగా చితికిపోతాయి. జాకీ లేపడానికే గాని, మోయడానికి కాదు.

ఇప్పుడు వాల్వును అన్నిటికంటె కిందికి తిప్పి పిన్ను తీయండి. లోపలి గాలి ఒత్తిడికి నీరు ధారగా వస్తుంది. పిన్ను మీ ముఖం వైపు ఎగరకుండా పక్కన కూర్చుని తీయండి. ధార తగ్గిన తరువాత పిన్ను గొట్టాన్ని కూడా విప్పితే మిగిలిన నీరు గుడగుడమంటూ దిగుతుంది. కాసేపటికి ఆగిపోతుంది. ట్యూబు ఖాళీ అయిందనుకుంటారు. కాలేదు. వాల్వు పైన ఉన్నప్పుడు దాని మట్టానికి పైన పాతిక వంతు చోటు మిగిలినట్లే, వాల్వు కింద ఉన్నప్పుడు దాని మట్టానికి దిగువన పాతిక వంతు చోటు ఉంటుంది. అందులోని నీరు బయటికి రాదు. 260 లీటర్ల ట్యూబులో ఇంకా 65 లీటర్లు ఉంటాయి. అంటే నింపిన నీటిలో మూడవ వంతు.

దానిని తీయడానికి సన్నని గొట్టం ఒకటి వాల్వులోంచి టైరు అడుగు దాకా దించి, పక్కనుంచి గాలి పట్టించే అమరిక దొరుకుతుంది. గాలి నీటిని నొక్కితే నీరు గొట్టంలోంచి పైకి ఎక్కి బయటపడుతుంది. ఆ అమరిక లేని చోట ముందు గాలి అంతా పోయిందని నిర్ధారించుకుని, లివర్లతో బయటి అంచు దించాలి. తరువాత వాల్వును రిమ్ము రంధ్రంలోంచి లోపలికి నెట్టి, ట్యూబుతోపాటు బయటికి లాగి నేలకు వంచితే మిగిలిన నీరు అదే దిగుతుంది. లోపల కొంచెం ఒత్తిడి ఉన్నా టైరు అంచులో లివరు పెట్టవద్దు. చేతికి తిరిగి తన్నుతుంది.

ట్యూబు తీసిన తరువాత టైరు లోపల పాత గుడ్డతో తుడుస్తూ చుట్టూ తడమండి. ఒట్టి చేయి పెట్టకండి. గుడ్డ తగులుకున్న చోట ముల్లు ఉంటుంది. దానిని తీయకుండా ట్యూబు వేస్తే చేసిన పని గంటలో వృథా. రిమ్మును కూడా చూడండి. కారిన నీరు రిమ్ములో నిలిచి తుప్పు పొరలు లేస్తాయి. ఆ పొరల అంచులు ట్యూబును కోస్తాయి. ఒకసారి కారిన చక్రం మళ్లీ మళ్లీ కారడానికి కారణం చాలాసార్లు ఇదే. వైరు బ్రష్షుతో గీకి, రెడాక్సైడు పూసి, పూర్తిగా ఆరనివ్వాలి.

12.7 ప్యాచ్ వేయడం

ట్యూబుకు కొంచెం గాలి పట్టి, తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ చుట్టూ చూడండి. తొట్టి లేకపోతే సబ్బు నీరు పోసి చూడవచ్చు. బుడగ కనిపించిన చోట తుడిచి బాల్‌పెన్నుతో పెద్ద సున్నా చుట్టండి. మొదటి చిల్లు దొరికిందని ఆపవద్దు, చుట్టు పూర్తి చేయండి.

ఇక్కడినుంచి సైకిలు ట్యూబుకు, దీనికి ఒక తేడా ఉంది. ఈ ట్యూబు లోపల తడిగా ఉంటుంది. మీరు పైన ఎంత ఆరబెట్టినా, చేతితో నొక్కినప్పుడల్లా చిల్లులోంచి ఒక నీటి బొట్టు పైకి వస్తుంది. తడి మీద సొల్యూషన్ అంటదు. అంటినట్లు కనిపించి తరువాత ఊడుతుంది. అందువల్ల చిల్లు పైకి ఉండేట్లు ట్యూబును పరచి, నీటిని దూరంగా అవతలి కొసకు నెట్టి, చిల్లున్న భాగాన్ని ఎత్తు పలక మీద ఉంచండి. ఎండలో బాగా ఆరనివ్వండి. వేడి ప్యాచ్ వేసేవారికి ఇది ఇంకా ముఖ్యం. లోపల తడి ఉంటే అది ఆవిరై ప్యాచ్ కింద బుడగలు లేపుతుంది.

ఆరిన చోటును ప్యాచ్ కంటె కొంచెం ఎక్కువ మేర ఆకురాయితో గాని, గరుకు కాగితంతో గాని రుద్దండి. రబ్బరు మెరుపు పూర్తిగా పోవాలి. దుమ్ము తుడిచి సొల్యూషన్ పలుచగా పూయండి. ఆ తరువాత ఆగాలి. సొల్యూషన్ అంటే ద్రావకంలో కరిగించిన రబ్బరు. ద్రావకం ఎగిరిపోయి రబ్బరు మిగలాలి. తడిగా ఉండగానే ప్యాచ్ వేస్తే ద్రావకం మధ్యలో చిక్కుకుపోతుంది. మెరుపు తగ్గి, వేలు తాకిస్తే జిగురుగా ఉంటూనే వేలికి అంటుకోని స్థితి రావాలి. ఎండాకాలంలో ఐదు నిమిషాలు చాలవచ్చు, ముసురు రోజుల్లో అంతకు రెండింతలు పట్టవచ్చు. ద్రావకం త్వరగా మండుతుంది, బీడీ కాల్చేవారిని దూరంగా పంపండి. చిల్లుకు అన్ని వైపులా కనీసం రెండు సెంటీమీటర్లు మించేట్లు ప్యాచ్ తీసుకుని, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ రోలరుతో రుద్దండి.

చిల్లు గుండ్రంగా కాకుండా చీలికగా ఉంటే చీలిక రెండు కొసలను కత్తెరతో చిన్న గుండ్రని గాట్లుగా కత్తిరించాలి. లేకపోతే ప్యాచ్ కిందనే చీలిక పెరుగుతుంది. వాల్వు మొదట్లో ట్యూబు చిరిగితే అది గాలి తక్కువగా ఉండి టైరు రిమ్ము మీద జారిందని చెబుతోంది. ఆ చిరుగుకు చల్లని ప్యాచ్ నిలవదు. వాల్వు ప్యాచ్‌ను వేడితో అతికించాలి, లేదా ట్యూబు మార్చాలి. జానెడు చీలికకు ప్యాచ్ వేయమని యజమాని అడిగినా ఒప్పుకోకపోవడమే మంచిది.

జిగురు, ప్యాచ్ ట్యూబు పదార్థానికి సరిపోవాలి. ఈ రోజుల్లో చాలా ట్యూబులు బ్యూటైల్ రబ్బరుతో చేసినవి. సహజ రబ్బరు ట్యూబుకు వేసే వేడి ప్యాచ్ దీనికి సరిగా అతకదు, బ్యూటైల్‌కు పనికివచ్చేదని అడిగి కొనాలి. పదార్థం పూర్తిగా మారితే సంగతి మరీ తేడాగా ఉంటుంది. విదేశాలలో సరస్సుల మీద వేక్‌బోర్డు ఆట ఆడతారు. పడవ తాడుతో లాగుతుంటే మనిషి పలక మీద నిలబడి అలల మీద జారుతాడు. అల పెద్దదిగా లేవాలంటే పడవ నీటిలో లోతుగా దిగాలి. అందుకు పడవలో పెద్ద సంచులు పెట్టి సరస్సు నీరే నింపుతారు. మన ట్రాక్టరు ట్యూబులాగే ఇదీ నీటితో బరువు పెంచడమే. ఆ సంచులు చాలావరకు వినైల్ గుడ్డతో చేసినవి. వాటికి మన రబ్బరు సొల్యూషన్ పూస్తే ఆరిన తరువాత పొరలా లేచిపోతుంది. వినైల్ జిగురు, అదే రకం గుడ్డ ముక్క కావాలి. మీ ఊరిలో వినైల్ నీటి సంచులు, టార్పాలిన్ తొట్లు బాగుచేయవలసి వచ్చినా ఇదే వర్తిస్తుంది.

పాఠ్యగత ప్రశ్నలు 2
(అ) వాల్వు కిందికి తిప్పి నీరు తీసినా ట్యూబు ఎందుకు ఖాళీ కాదు?
(ఆ) సొల్యూషన్ పూసిన వెంటనే ప్యాచ్ ఎందుకు వేయకూడదు?

12.8 తిరిగి బిగించడం

ప్యాచ్ వేసిన ట్యూబును మళ్లీ ముంచి చూడండి. టైరు లోపల సుద్దపొడి చల్లి, ట్యూబు గుండ్రంగా నిలబడే మాత్రం గాలి పట్టి లోపల పెట్టండి. మడత పడితే కొన్నాళ్లకు ఆ మడత దగ్గరే కొత్త చిల్లు వస్తుంది. వాల్వు నిటారుగా ఉందో లేదో చూసుకోండి.

టైరు అంచు రిమ్ము మీద కూర్చోవడానికి ముందు గాలి మాత్రమే పట్టాలి. కూర్చోలేదని ఒత్తిడి పెంచుకుంటూ పోకూడదు. 35 పౌండ్లు దాటకూడదు. అప్పటికీ కూర్చోకపోతే గాలి పూర్తిగా వదిలి, అంచుకు సబ్బు నీరు రాసి, మొదటినుంచి చేయండి. అంచు తెగితే టైరు, రిమ్ము పేలుడులా విడిపోతాయి. గాలి పడుతున్నంతసేపు టైరుకు ఎదురుగా నిలబడకండి, పొడవైన గొట్టం వాడండి.

అంచు కూర్చున్న తరువాత గాలి వదిలి, వాల్వు పైకి తిప్పి, నీరు నింపి, మళ్లీ గాలి పట్టండి. దుక్కికి 12 పౌండ్ల దరిదాపు, ట్రక్కు లాగడానికి అంతకంటె కొంచెం ఎక్కువ అవసరం. మీ ట్రాక్టరుకు సరైన అంకె కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. రెండవ చక్రంలో కూడా నీటి మట్టం చూసి సమానం చేయండి. మరునాడు ఉదయం, బండి కదపకముందు, పిన్ను నొక్కి మరొకసారి మట్టం చూడండి. ట్యూబును బట్టి, చక్రం కింద పరచిన పాత సంచి పొడిగా ఉందా లేదా అన్నది కూడా చూడండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) నీరు నొక్కుకుపోదు కాబట్టి దెబ్బను మింగే గాలి ఉండదు. టైరు గోడ, ఇరుసు దెబ్బతింటాయి. (ఆ) నీటి మట్టం చూడాలి. నీరు కారినా గాలి ఒత్తిడి తగ్గుతుంది. గాలి పట్టిస్తే మిగిలిన నీరు కూడా కారిపోతుంది.

2. (అ) వాల్వు రిమ్ము దగ్గర ఉంటుంది; దాని మట్టానికి దిగువనున్న పాతిక వంతు నీరు లోపలే నిలుస్తుంది. (ఆ) ద్రావకం ఎగిరిపోకుండా ప్యాచ్ కింద చిక్కుకుంటుంది, అతుకు నిలవదు.